అడుగుకుంట పోయిన పట్నం

పుణె నుంచి మా మనవడి దోస్తులు నలుగురు వస్తున్నరంట. శుక్రవారం రాత్రి బస్సెక్కి, శనివారం, ఆదివారం హైదరాబాద్ చూసి, సోమవారం పొద్దుటికల్ల మళ్లీ కొలువుల కూర్చుంటరంట. రానీ, మంచిదే. వాళ్ల ప్లాను మావాడు నాకు ఫోన్‌ల చూపించిండు. ఏడున్నరకు ఫలానా హోటల్ల టిఫిను, తొమ్మిదింటికి చార్మినార్, పదిన్నరకు చౌమహల్లా, పన్నెండుంబావుకు బిర్యానీ. ఏ చోట ఎన్ని నిమిషాలు నిలబడాలె, ఏ మూల నుంచి ఫొటో తీయాలె, అన్నీ రాసిపెట్టుకున్నరు. అదంత ఓపికగనే చూసిన. అడుగున ఉన్న ప్రశ్న చదివినంక మాత్రం కడుపు మండింది. "అక్కడి జనం కొత్తోళ్లతోటి మంచిగ ఉంటరా?" అని ఫోన్‌ను అడిగిండ్రు. అది కూడా ఎవరెవరో పెట్టిన చుక్కలు లెక్కగట్టి, ఉంటరని జవాబు చెప్పింది.

మనుషులు మంచోళ్లో కాదో మనుషులను పలకరించి తెలుసుకోవాలె గద. ఊర్ల అడుగు పెట్టకముందే, ఒక్క ముఖం చూడకముందే తేల్చుకుంటే ఇగ వచ్చి చూసేది ఏముంటది? గోడలు, మినార్లేనా?

మాది అబ్దుల్లాపూర్‌మెట్, విజయవాడ రోడ్డు మీది ఊరు. ఆ రోడ్డును మేము ఏండ్లకేండ్లు 9వ నంబర్ హైవే అన్నం, ఇప్పుడు 65 అంటున్నరు. 2016 దాక మేము హయత్‌నగర్ మండలం కింద ఉంటిమి, ఆ యేడు కొత్త జిల్లాలు, మండలాలు చేసినప్పుడు మా ఊరే మండలమైంది. ఒక దిక్కు పెద్ద అంబర్‌పేట కాడ అవుటర్ రింగ్ రోడ్డు, ఇంకో దిక్కు రామోజీ ఫిల్మ్ సిటీ. ఇప్పుడు ఊరి పేరు చెప్తే "హైదరాబాదే గద" అంటున్నరు. నా చిన్నతనంల అట్ల అన్నోళ్లు లేరు. కోఠికి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా అది పట్నం, మాది ఊరు.

పట్నం పోవుడంటే మాకు ముందు నుమాయిష్ యాదికొచ్చేది. 1938ల పబ్లిక్ గార్డెన్స్‌ల మొదలై, 1946ల నాంపల్లి మైదానానికి మారిన ఆ ఎగ్జిబిషన్, జనవరి 1న తెరిస్తే నెలన్నర నడుస్తది. వానకాలం పంట ఇల్లు చేరి, చేతుల నాలుగు పైసలు ఆడే టైముకు సరిగ్గ పడుతుండె. మా నాయన మలక్‌పేటల ఉన్న మేనత్తకు ఒక కార్డు రాసేటోడు. ఫలానా ఆదివారం వస్తున్నం, ఇంతమందిమి వస్తున్నం అని రెండే ముక్కలు. జవాబు కోసం చూసేది లేదు. అత్త వద్దంటదా? అమ్మ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టేది. అత్తకు ఇంత బియ్యం, ఇంత కందిపప్పు, తోటల కాపు దిగితే ద్రాక్షపండ్లు. అప్పట్ల హయత్‌నగర్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు మస్తుగ ఉండె, అనాబ్-ఎ-షాహీ రకం, పొడుగు పండ్లు. ఇప్పుడు ఆ తోటల జాగాల వెంచర్ల బోర్డులే కనవడుతయి. మా ప్లానంత ఆ కార్డు, ఆ మూటనే. ఎక్కడ దిగాలె, ఎటు తిరగాలె, ఏం తినాలె అన్నది దారిల ఎవరో ఒకరు చెప్తరన్న ధీమా.

ఆ ధీమా ఎన్నడూ వమ్ము కాలేదు. బస్సెక్కంగనే కండక్టర్‌కు టికెట్ పైసలతోటి పాటు మా సంగతి కూడా చెప్పేటోళ్లం. హరిణ వనస్థలి చెట్లు, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటినంక ఆయన వెనుకకు తిరిగి, "మలక్‌పేటోళ్లు లేవుండ్రి" అని కేకేసేటోడు. మా నాయనమ్మ ఒక్కతే పోయిన రోజున అదే బస్సుల కూర్చున్న ఒక గంజ్ హమాలీకి అప్పజెప్పిండంట, "పెద్దమ్మను ఇంటి దాక తోల్కపో" అని. గంజ్‌ల మిరప బస్తాలు మోసే మనిషి, తన పని పక్కకు పెట్టి గల్లీ గల్లీ తిరిగి ఇల్లు పట్టుకొని, గడపల దించి పోయిండు. పేరు కూడా చెప్పలేదు. అత్త మంచినీళ్లు తెచ్చేలోపల లేడంట.

ఇంకా ముందుకు పోతే గౌలిగూడ బస్టాండ్. కొత్తోళ్లకు చెప్తే నమ్మరు, విమానాలు పెట్టే షెడ్డు లెక్క ఉండేది, సగం గుమ్మటం తీరు పెద్ద రేకుల కప్పు. 1994ల ఇమ్లీబన్‌ల మహాత్మాగాంధీ బస్ స్టేషన్ అయ్యేదాక జిల్లాల బస్సులన్నీ ఆ రేకుల కిందికే వచ్చేటియి. 2018 జూలైల అది కుప్పకూలింది, అదృష్టం, ఎవరికీ ఏం కాలేదు. ఆ షెడ్డు నుంచి బయటపడంగనే అఫ్జల్‌గంజ్. మాకు ఉర్దూ అంతంత మాత్రమే. "భాయ్, సాలార్‌జంగ్ కిదర్?" అంటే సాలు. పండ్ల బండాయన తరాజు కింద పెట్టి, "సీదా పుల్ పార్ కరో, బాయేఁ హాత్ కూ" అని చెప్పి, మేము తెల్లముఖాలు వేస్తే, "ఆవో" అని నయాపూల్ దాక వచ్చి, చెయ్యి చాపి చూపించేటోడు. ఆయన వచ్చేదాక బండి ఎవరు చూస్తరు? పక్క బండాయన చూస్తడు. దారి చెప్పుడంటే ఆ ఊర్ల నాలుగు అడుగులు వెంట నడుచుడే.

ఇంకో సంగతి. దారి చెప్పినోడు ఊరికే పంపకపోతుండె. "ఏ ఊరు? వానలు పడ్డయా? జొన్న ఎంత పండింది?" అని అడిగేటోడు. మనం అడిగితే ఆయన మననడుగుతడు. అట్ల రెండు మాటలు ఎక్కువైతే, ఆయన తమ్ముడు నల్లగొండల ఉన్నడనో, ఆయన భార్య చౌటుప్పల్ పిల్లనో తేలేది. పట్నంల తిరిగి వచ్చినంక మేము ఇంట్ల చెప్పుకున్న ముచ్చట్లల్ల సగం ఈ మనుషులే. సాలార్‌జంగ్ మ్యూజియంల పాట గడియారం కూడా అట్లనే గుర్తుంది. గంట గంటకు చిన్న బొమ్మ బయటికి వచ్చి సుత్తెతోటి కొడ్తది, దాని కోసం జనం గుంపుగ నిలబడుతరు. నాకేం కనవడకపోతే ముందున్న షేర్వానీ మనిషి ఏం అడగకుండనే నన్ను ఎత్తి భుజం మీద కూర్చోపెట్టుకున్నడు. మా నాయన దండం పెడితే ఆయన నవ్వి, "బచ్చా హై" అన్నడు.

ఇరానీ హోటళ్ల గురించి మాత్రం నేను గట్టిగ చెప్పాలె, ఎందుకంటే వాటిని ఇప్పుడు చాయ్ రుచి కోసం, ఉస్మానియా బిస్కట్ కోసం మాత్రమే తలుచుకుంటున్నరు. వాటి గొప్పతనం బల్లల ఉండె. పాలరాయి పరిచిన బల్ల, చుట్టూ నాలుగు కుర్చీలు. రెండు ఖాళీ ఉన్నయంటే ఎవరైన వచ్చి కూర్చోవచ్చు, అడిగే పని లేదు. మూటతోటి వచ్చిన రైతు, కోర్టు నుంచి వచ్చిన వకీలు, రిక్షా తొక్కేటాయన, సేటు, అందరూ మోకాలికి మోకాలు తాకేటట్టు కూర్చునేటోళ్లు. ఆ రోజుల్ల రోడ్డు పొడుగున చాలా ఊర్ల హోటళ్లల్ల దళితులకు వేరే గ్లాసు పెట్టేటోళ్లు. బయట గూట్ల పెట్టి ఉండేది, తాగి కడిగి మళ్లీ అక్కడనే పెట్టాలె. నాతోటి బడికొచ్చే దోస్తు ఒకడు అట్లాంటి గ్లాసు చూసుకుంట పెరిగినోడు. ఇద్దరం మొదటిసారి పెద్దోళ్లు లేకుండ పట్నం పోయి, కోఠి కాడ ఒక ఇరానీ హోటల్ల కూర్చున్నం. సర్వర్ నీళ్ల గ్లాసులు టక్కున బల్ల మీద పెట్టి, "దో చాయ్? పౌనా?" అన్నడు. అంతే. ఎవని పిల్లగాడివి, ఏ వాడ అని అడగలేదు. ఎదురుగ కూర్చున్న ముసలాయన తన సాసర్ల చాయ్ ఊదుకుంట, బిస్కట్ల పళ్లెం మా దిక్కు జరిపిండు. నా దోస్తు చాయ్ అయిపోయినంక కూడా చానాసేపు లేవలేదు. ఇంకొక చాయ్ చెప్పి, దాన్ని కూడా మెల్లగ తాగిండు. ఆ తర్వాత వాడు పట్నంలనే కొలువు చూసుకొని అక్కడనే ఉండిపోయిండు. ఎందుకు ఊరికి రావురా అని అడిగితే ఆ బల్ల సంగతే చెప్పేటోడు.

పెద్ద పట్నం జనం స్నేహంగ ఉంటరా అని అడిగేటోళ్లకు నేను చెప్పే జవాబు ఇది. ఊరు మనను చిన్నప్పటి నుంచి ఎరుగుతది, ఎరిగే దూరం పెడ్తది. పట్నం ఎరగదు, ఎరగకుండనే పక్కన కూర్చోపెట్టుకుంటది. ఆ ఇరానీ హోటళ్లల్ల చానా మట్టుకు మూతపడ్డయి. వాటి జాగాల చెప్పుల దుకాణాలు, మందుల దుకాణాలు వచ్చినయి. మిగిలినకాడ కూడా నిలబడి తాగి పోయేటోళ్లే ఎక్కువ. కొత్తగ వచ్చిన కాఫీ దుకాణాలల్ల ఒక్కొక్కరు ఒక్కొక్క బల్ల పట్టుకొని, చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుంటరు. ఖాళీ కుర్చీ ఉంటే "ఇక్కడ ఎవరన్న ఉన్నరా" అని అడగాలె. అడిగితే, తన సంచి తీసుకుంటడు గాని తల ఎత్తడు.

పండుకునే చోటు కూడా అంతే. మేము లాడ్జి ఎరుగం. మేనత్త ఇంట్ల రెండే అర్రలు. నుమాయిష్ రోజుల్ల మేమే గాక మామ దిక్కు చుట్టాలు కూడా దిగేటోళ్లు. అప్పుడు పక్కింటి ఖాలా, "ఆడోళ్లు మా ఇంట్ల పండుకుంటరు" అని పరుపులు పరిచేది. ఆమె మా చుట్టం కాదు, మా కులం, మతం కాదు. తెల్లారి లేచేసరికి మా అమ్మకు వేడినీళ్లు పెట్టి ఉంచేది. మా తోట ద్రాక్షల మొదటి గుత్తి ఆమెకే పోయేది, అది నియమం.

ఈ ఆదరం గాలికి పుట్టింది కాదు. పట్నం పెద్దలు కొత్తోళ్ల కోసం జాగా ఆలోచించి కట్టిండ్రు. మా పక్కనున్న హయత్‌నగర్ చూడండి. హయత్ బక్షీ బేగం, మహమ్మద్ కులీ కుతుబ్‌షా బిడ్డ, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి, ఆమె పేరు మీదనే ఆ ఊరు. మసీదు చుట్టూ బాటసారులు దిగే గదులు, పక్కన హాథీ బావోలి. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాట అది, వర్తకులు ఎద్దుబండ్లతోటి వచ్చి అక్కడ రాత్రి ఆగేటోళ్లు. పట్నంల అడుగు పెట్టకముందే, పట్నం నీకు ఒక గది, ఒక బావి చూపిస్తుండె. నాంపల్లి స్టేషన్ ముందర నిజాం కట్టించిన సరాయి కూడా అందుకే. అఫ్జల్‌గంజ్‌ల పెద్ద లైబ్రరీ, సుల్తాన్ బజార్ కాడ 1901ల పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, అక్కడ పల్లె పిల్లగాడు పోయి పేపర్ ముందరేసుకొని పొద్దందాక కూర్చుంటే ఎందుకొచ్చినవని అడిగేటోడు లేడు. ఏం కొనకుండ కూర్చునే చోటు ఉంటేనే కొత్త మనిషి ఆ ఊరి మనిషితోటి మాట కలుపుతడు. ఇప్పుడు కట్టేటియి చూడండి. కొంటేనే కూర్చోవాలె, టికెట్ ఉంటేనే లోపలికి రావాలె.

మేము వయసుల ఉన్నప్పుడు దిల్‌సుఖ్‌నగరే మా లోకం. కోణార్క్, వెంకటాద్రి, రాజధాని, మేఘ, ఎన్ని థియేటర్లు! సెకండ్ షో చూసి బయటికి వస్తే ఆఖరి బస్సు పోయి ఉండేది. భయమేం లేదు. మిర్చి బండాయన సామాను సర్దుకుంట, "ఆటోనగర్ దాక నడువుండ్రి, విజయవాడ లారీలు లేస్తయి" అని చెప్పేటోడు. మిగిలిన మిర్చీలు పేపర్ల కట్టి చేతుల పెట్టేటోడు. లారీ డ్రైవర్ ఎవరో తెల్వదు, మేమెవరో ఆయనకు తెల్వదు. ఊరి పేరు చెప్తే క్యాబిన్‌ల చోటిచ్చి, నిద్ర రాకుండ సినిమా కథ చెప్పమనేటోడు. కథ చెప్పుడే మా చార్జీ.

ఇప్పటి పిల్లల తీరు చూస్తే నాకు బాధనే కాదు, గుబులు కూడా ఉంది. 2018 సెప్టెంబర్ 24 నుంచి ఎల్బీ నగర్ దాక మెట్రో వచ్చింది. చల్లటి డబ్బా, మియాపూర్ దాక ఒక్క తీరుగ పోతది, ఏ స్టేషన్ వచ్చిందో అదే చెప్తది. మంచి పనే, నా మోకాళ్లకు అది లేకపోతే కష్టం. ఆ డబ్బాల నిండ జనం ఉంటరు, మాట మాత్రం వినవడదు. దిగినంక ఫోన్ బాణం గుర్తు చూపిస్తది, దాని వెంట పోతరు. చార్మినార్ ఎదురుగ నిలబడి చార్మినార్ ఎటని ఫోన్‌ను అడిగిన పిల్లలను నా కండ్లతోటి చూసిన. ఆ పక్కనే గాజుల బండి ముసలామె కూర్చొని ఉంది. ఆమెను అడిగితే మినార్‌తో పాటు లాడ్‌బజార్‌ల ఏ దుకాణంల గాజుకు అసలు ధర చెప్తరో కూడా తెలిసేది. పట్నంల సొంత మామ ఇల్లుండంగ గది బుక్ చేసుకుంటరు. "ఎందుకు తాతా వాళ్లకు ఇబ్బంది" అంటరు. ఆ ఇబ్బంది పెట్టుకుంటనే చుట్టరికాలు నిలబడ్డయి. ఎవరికీ ఇబ్బంది కాకుండ బతుకుదమనుకుంటే, ఎవరికీ అక్కరకు రాకుండ కూడా పోతం.

ఒక్క సంగతిల ఈ కాలమే మేలని నేను ఒప్పుకుంట. మేము చెప్పే ఈ పట్నం ముచ్చట్లు చానా మట్టుకు మగోళ్ల ముచ్చట్లు. ఇరానీ హోటల్ల ఆడోళ్లు కూర్చునుడు తక్కువ, సెకండ్ షోకు పోయి లారీ ఎక్కుడు వాళ్లతోటి అయ్యేదే కాదు. మా ఇంటామె పెండ్లయిన ఎన్నో ఏండ్లకు గాని సాలార్‌జంగ్ చూడలేదు, అది కూడా నలుగురం వెంట ఉంటేనే. ఇప్పుడు 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఉచితం. మా కోడలు, ఆమె తోడికోడలు ఆదివారం పొద్దున చేసుకున్న కూర డబ్బాల పెట్టుకొని, మాకు చెప్పి, వాళ్లంతట వాళ్లే పోయి వస్తున్నరు. ఫోన్ చేతుల ఉందన్న ధైర్యం కూడా దాంట్ల ఉంది. అది నేను కాదనను. విచిత్రం ఏందంటే, పట్నం మనుషులతోటి మాట కలిపి వచ్చేది కూడా వాళ్లే. బస్సుల పక్కన కూర్చున్నామె కూతురి పెండ్లి సంబంధం దాక అన్నీ తెలుసుకొని వస్తరు. నా గొణుగుడంత ఆ నలుగురు కుర్రోళ్ల లాంటోళ్ల మీదనే.

జనం మారిండ్రా అని అడుగుతరు. నేను నమ్మ. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌ల మేము సినిమాలు చూసిన ఆ కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల కాడనే బాంబులు పేలినయి. అంబులెన్సు కోసం చూడకుండ, ఇంకొకటి పేలుతదేమోనన్న భయం కూడా లేకుండ, దుకాణాలోళ్లు, ఆటోవాలాలు దెబ్బతాకినోళ్లను ఎత్తుకొని దవాఖానలకు ఉరికిండ్రు. ఆ ఎత్తుకున్నోళ్లు ఎవరిని అడిగిండ్రు నీదే ఊరని? 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ దిక్కు కాలనీలు మునిగినప్పుడు పై అంతస్తులోళ్లు కింది అంతస్తులోళ్లను ఇండ్లల్లకు తీసుకున్నరు. ఆ గుణం ఎటూ పోలే. ఆపద వస్తేనే బయటపడే తీరు అయింది, అదే నాకు సహించదు. మామూలు ఆదివారం పూట కూడా అది కనవడుతుండె. దారి అడిగితే కనవడుతుండె.

ఇగ మా సంగతికి వస్త. ఇప్పుడు మేమే పట్నమోళ్లం. ఫిల్మ్ సిటీ 1996ల పెట్టినప్పటి నుంచి శనివారం, ఆదివారం వస్తే చాలు, ఎక్కడెక్కడి బండ్లో మా ఊరు దాటి పోతయి. సంఘీ గుడికి పోయేటోళ్లు పోతరు. 2021ల కొత్తపేట పండ్ల మార్కెట్‌ను మా మండలంల ఉన్న బాటసింగారానికి మార్చిండ్రు, ఎండకాలం వస్తే మామిడి బండ్లు రాత్రంత వస్తనే ఉంటయి. ఇంతమంది వస్తున్నరు, మా ఊరోళ్లతోటి మాట్లాడేటోళ్లు ఎంతమంది? తప్పు వాళ్లదే అనను. మేం కూడా గోడలు కట్టుకున్నం. వెంచర్లకు గేట్లు పెట్టి, వచ్చినోనితోటి పేరు, నంబర్ రాయించుకొని లోపలికి తోలుతున్నరు. అరుగుల్లేవు. ఉంటే కదా ఎవరన్న కూర్చునేది. బస్సు దిగినోనికి నీడకు నిలబడే జాగా దొరకదు. మా అంగట్ల పిల్లగాళ్లు కూడా ఎవరన్న ఏమన్న అడిగితే, "లొకేషన్ పెట్టుకో అన్నా" అంటున్నరు. ఆ మాట విన్నప్పుడల్ల నేను లేచి వాళ్లను కోప్పడుత. చెయ్యి చాపి చూపించొద్దారా? నాలుగు అడుగులు వెంట పోవొద్దా? హయత్‌నగర్ మసీదు గదులు ఇంత దగ్గర పెట్టుకొని, మనం చెప్పేది ఇదేనా?

అందుకే ఎండకాలం రాత్రుల్ల నిద్ర పట్టకపోతే నేను రోడ్డు మీది చాయ్ బండి కాడ కూర్చుంటున్న. మామిడి రైతులు అవుటర్ రింగ్ దిగి, బాటసింగారం ఇంకెంత దూరమని ఆగుతరు. డ్రైవర్ ఫోన్ చూస్తడు గాని, రైతు మాత్రం కిందికి దిగి మనిషినే అడుగుతడు. మొన్న ఎండల కొల్లాపూర్ దిక్కు నుంచి ఒకాయన వచ్చిండు, మా ఊరి దిక్కు రావుడు అదే మొదటిసారంట. దారి చెప్పి, చాయ్ తాగించి, కాపు ఎట్లుందని అడిగిన. గాలివానకు సగం రాలిందన్నడు. తెల్లారి తొమ్మిది దాటినంక ఖాళీ బండితోటి తిరిగి పోతుంటే అదే చాయ్ బండి కాడ ఆపించి, నన్ను వెతుక్కుంట వచ్చిండు. ఎంత పలికిందని అడిగితే, అనుకున్నంత పలకలేదని చెప్పి, సంచిల మిగిలిన పండ్లు తీసి నా చేతుల పెట్టిండు. నేను పైసలియ్యబోతే తీసుకోలే. వచ్చే యేడు కాపు దిగంగనే మళ్లీ వస్తనని, అప్పుడు ఇంటికి తోల్కపోవాలని చెప్పి బండెక్కిండు.